ఆరంగుళాల పలక

నా పేరు పొట్నూరు అప్పలసూరి. మా నాయన పేరు గంగులు, ఇప్పుడు లేరు. నా వయస్సు నలభై ఏడు. పని వడ్రంగం. ఎక్కువగా పడవలు చేస్తాను, పాతవి బాగుచేస్తాను. ఊరు శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న నడిమిరేవు. తెలుగు చదవడం, రాయడం వచ్చు. 1968 ఆగస్టు 21, బుధవారం ఉదయం పదకొండు గంటలకు నరసన్నపేటలో మేజిస్ట్రేటు వారి ఎదుట ఇది చెబుతున్నాను. ఎవరైనా బలవంతం చేస్తే వచ్చావా అని అయ్యగారు అడిగారు. లేదు. అసలు నన్ను ఎవరూ పిలవలేదు. రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్లి, ఇది మూడోసారి రావడం. నేను చెప్పేది నా మీదికే రావచ్చని కూడా అయ్యగారు హెచ్చరించారు. తెలుసని చెప్పాను.

ఈ నెల 10వ తేదీన మా రేవులో పడవ మునిగి గురమ్మ అనే ఆమె చనిపోయింది. పడవ నడిపిన మైలపల్లి ఎల్లాజీ పదకొండు రోజులుగా లాకప్పులో ఉన్నాడు. గీత మునిగేలా జనాన్ని ఎక్కించాడని అతని మీద కేసు. అతను గీత మునిగేలా ఎక్కించలేదు. ఈ ఒక్క మాట చెప్పడానికే వచ్చాను. కానీ ఈ ఒక్క మాట అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి. మొదటి నుంచి వినడానికి ఇంతవరకు ఎవరికీ తీరిక లేకపోయింది.

11వ తేదీన పోలీసులు నా దగ్గర అరపేజీ రాసుకున్నారు. అందులో "శిథిలమైన పాత పడవ" అని ఉందట. నేను అలా అనలేదు. ఆ పడవకు తొమ్మిదేళ్లు. గుగ్గిలం కలప. చేసింది నేను. ఈ రోజుకూ ఒక్క పలక చివకలేదు. ఎల్లాజీ తాగి ఉన్నాడని కూడా రాశారట. ఎల్లాజీ తాగడు. సారా వాసన తగిలితే తుమ్ములు వస్తాయి అతనికి. ఆ మాట అప్పుడే రాయమన్నాను, రాయలేదు. ఇక్కడ రాయమని కోరుతున్నాను.

గీత అంటే ఏమిటని అయ్యగారు అడిగారు. చెబుతాను.

రేవు పడవ పక్కన, రెండు వైపులా, తెల్లరంగుతో అడ్డంగా ఒక గీత ఉంటుంది. మూరెడు పొడవు, రెండు వేళ్ల మందం. బరువు ఎక్కేకొద్దీ పడవ దిగుతుంది, నీరు గీత వైపు వస్తుంది. నీరు గీతకు తగిలేదాకా ఎక్కించవచ్చు. గీత మునిగితే ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు. గీతకు వచ్చినప్పుడు పడవ అంచు నీటికి పన్నెండు అంగుళాల ఎత్తున ఉండాలని నిబంధన. నది మధ్యలో పడవ ఒక పక్కకు ఒరిగినా నీరు లోపలికి రాకుండా ఉండటానికి ఆ పన్నెండు అంగుళాలు.

ప్రతి ఏడూ వేసవిలో నేను పడవను గట్టెక్కించి, సందుల్లో నార కూరి, తారు పూస్తాను. తర్వాత పంచాయతీ సమితి ఓవర్సీరు గారు వచ్చి టేపుతో కొలిచి గీత గీయిస్తారు. ఆ గీత గవర్నమెంటుది. ఓవర్సీరు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే కేసు అవుతుందని మా నాయన నాకు చెప్పాడు, ఆయనకు వాళ్ల నాయన చెప్పాడు. గీత దగ్గరకు వచ్చేసరికి నేను కుంచె ఆపేస్తాను. పైన బెత్తెడు, కింద బెత్తెడు వదిలి తారు పూస్తాను. మా రేవులో అందరూ అంతే. ఎల్లాజీకి అక్షరం రాదు. గీత మాత్రం చూస్తాడు. పడవ కదిలే ప్రతిసారీ వంగి చూసి, నీళ్లలో చెయ్యి పెట్టి తడిమి, అప్పుడు పడవ నడిపే గెడ తీస్తాడు. పద్దెనిమిదేళ్లుగా అంతే.

ఈ ఏడాది రేవు వేలం పాట జగన్నాధం గారికి వచ్చింది. జూన్ 16వ తేదీ ఆదివారం సాయంత్రం ఆయన మా వడ్రంగి సాలకు వచ్చారు.

"ఒరే సూరీ, నావకి సెరో పక్కా పలక లేపితే ఎలగుంటాది?" అన్నారు.

"బాగుంటాది బాబూ. నీరు సిందదు," అన్నాను.

అది నిజమే. పడవ మధ్యభాగంలో అంచు తక్కువగా ఉంటుంది. అక్కడ పలక నిలబెడితే పడవకు మంచిదే. ఎందుకని నేను అడగలేదు. మంచి పని చేయమంటే ఎందుకని ఎవరు అడుగుతారు?

మూడు రోజులు పట్టింది. రెండు పలకలు, ఒక్కొక్కటి పదహారు అడుగుల పొడవు, ఆరంగుళాల ఎత్తు. లోపలి నుంచి పక్కకు తొమ్మిది కట్టెలు ఆనించాను. ఒక్కో కట్టెకు పలకలోకి ఒక మేకు, పడవలోకి ఒక మేకు. అంటే ఒక్కో పక్క పలకలో తొమ్మిది, పడవలో తొమ్మిది. ఈ లెక్క గుర్తుంచుకోమని అయ్యగారిని కోరుతున్నాను. మళ్లీ వస్తుంది.

జూన్ 20వ తేదీ గురువారం ఉదయం పది గంటలకు ఓవర్సీరు గణపతిరావు గారు వచ్చారు. పలక పై అంచు నుంచి టేపు వేసి పన్నెండు అంగుళాలు కిందికి కొలిచారు. నిరుటి గీతను గీకించేసి అక్కడ కొత్త గీత గీయించారు. ఇసక బస్తాలు ఎక్కించి చూశారు. అంతకుముందు ఏడాది ఆ పడవకు ఇరవై అయిదు మంది. ఈ ఏడాది నలభై అయిదు అని తేలింది. బోర్డు మీద నలభై అయిదు అని రాయించి వెళ్లారు.

ఆ రోజు ఎవరూ తప్పు చేయలేదు. నా పలకలో తప్పు లేదు, ఆయన టేపులో తప్పు లేదు. పలక ఉన్నంతకాలం గీత సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. పలక ఉన్నంతకాలం అని మళ్లీ చెబుతున్నాను. ఈ మాట దగ్గరకు వచ్చేసరికి వినేవాళ్లు తల పక్కకు తిప్పుతారు. అయ్యగారు తిప్పలేదు.

జులైలో నదికి నీరు వచ్చింది, పడవ తిరగడం మొదలైంది. వారం తిరగకముందే గొడవ. తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు పలక దాటలేకపోయారు. సైకిళ్లు ఎత్తి వేయాల్సి వచ్చింది. గురమ్మ కూరగాయలు అమ్ముకునే మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. నోట్లో ఎప్పుడూ అడ్డపొగ ఉండేది, నిప్పు కొస లోపలికి పెట్టి కాల్చే చుట్ట. నేను గట్టు మీద కనబడితే చాలు, చుట్ట తీసి చేత్తో పట్టుకుని తిట్టేది.

"ఏటిరా సూరీ, ఇది నావా, గోడా? కాలెత్తి దాటితే కోక మోకాలెక్కతాది. ఈ వయసులో నాసేత సర్కసు సేయిస్తన్నావేటి?"

ఎల్లాజీ కూడా అడిగాడు. అది దాచను. గెడ వేసి వంగేటప్పుడు మోచెయ్యి పలకకు కొట్టుకుంటోందని చూపించాడు. చర్మం లేచిపోయి ఉంది.

"తీయించీ బావా. రోజుకి ముప్పైసార్లు తగుల్తన్నాది. ఇంకో నెల ఇలగే ఉంటే సెయ్యి ఉండదు," అన్నాడు.

జులై 22వ తేదీ సోమవారం ఉదయం జగన్నాధం గారు పలకలు తీసేయమన్నారు. తీశాను. రెండు గంటల పని. పడవలో మిగిలిన మేకు కన్నాలు నీరు పట్టకుండా చింతచెక్క బిరడాలు కొట్టి మూశాను. పక్కకు తొమ్మిది బిరడాలు. లేచి నిలబడి గీత వైపు చూశాను. అంచు ఆరంగుళాలు దిగిపోయింది, గీత ఉన్నచోటే ఉంది. అంచుకూ గీతకూ మధ్య ఇక ఆరంగుళాలే. అది చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు.

"బాబూ, పలక తీసేసినాం. గీత ఆరంగుళాలు దిగాల," అన్నాను.

"గీత నాదేటిరా? ఓవర్సీరు గారిది. ఆయన్నడుగు," అన్నారు జగన్నాధం గారు.

సరే, అడుగుదామని 25వ తేదీ గురువారం తొమ్మిది మైళ్లు సైకిలు తొక్కి సమితి ఆఫీసుకు వెళ్లాను. గణపతిరావు గారు ఉన్నారు. విన్నారు.

"పలక ఎవరు తీశారు?"

"నేనే అండి."

"ఎవరి అనుమతితో?"

"పాటదారు గారు సెప్తే తీసినానండి."

"అయితే పాటదారు గారిని అర్జీ పెట్టమను. నీకేం సంబంధం?"

నీకేం సంబంధం అన్న మాట నేను వినడం అదే మొదలు. తర్వాత ఇంకా రెండు చోట్ల విన్నాను.

29వ తేదీ సోమవారం జగన్నాధం గారింటికి వెళ్లి అర్జీ పెట్టమన్నాను.

"నానెందుకెడతాను? పలక నేదని నానే రాసిచ్చుకోవాలా? పలక తీసింది నువ్వు. అంత బాధగా ఉంటే మళ్లీ ఎట్టీ."

"ఎడతాను బాబూ. కూలొద్దు. రేపే ఎడతాను."

దానికి ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు రాయమని కోరుతున్నాను.

"ఇప్పుడా పలకలు కాళీ నేవురా," అన్నారు.

ఖాళీ లేని మాట నిజమే. ఒక పలకను రేవు పాక ముందు రెండు దిమ్మల మీద పరిచి బల్లగా వేశారు. పడవ కోసం వచ్చినవాళ్లు దాని మీద కూర్చుంటారు. రెండోది గట్టు నుంచి పడవలోకి బురద మీద పరిచారు. జనం దాని మీద నడిచి పడవ ఎక్కుతారు. గురమ్మ రోజూ ఆ బల్ల కుడి చివర కూర్చుని అడ్డపొగ కాల్చుకునేది. పడవకు గోడగా ఉన్నప్పుడు తిట్టిన పలకను బల్ల అయ్యాక మెచ్చుకుంది. "ఇప్పుడు బాగుందిరా సూరీ. కూకోడానికి పనికొచ్చింది," అంది.

ఆగస్టు 1వ తేదీ గురువారం నేనే అర్జీ రాసుకుని సమితి ఆఫీసుకు వెళ్లాను. గణపతిరావు గారు సెలవులో ఉన్నారు. గుమాస్తా గారు కాగితం తీసుకుని చదివారు.

"రేవు పాట నీదా?" అన్నారు. కాదన్నాను.

"పడవ నీదా?" చేసింది నేను, నాది కాదన్నాను.

"పోనీ, పడవలో ఏమన్నా దెబ్బ తగిలిందా నీకు?" ఇంకా లేదన్నాను.

"మరి నీకేం సంబంధం?"

తలుపు చేస్తే తలుపు సరిగ్గా మూసుకుంటుందో లేదో చూసి గాని ఇంటికి వెళ్లను. అదే సంబంధం. ఇది గుమాస్తా గారికి చెబితే నవ్వారు. అయినా కాగితం తీసుకుని ముద్ర వేసి నంబరు ఇచ్చారు. నంబరు 614. ఆ చీటీ ఇక్కడ దాఖలు చేస్తున్నాను. ఓవర్సీరు గారు పన్నెండో తారీకు సోమవారం వస్తారని, అప్పుడు రమ్మని చెప్పారు. ఈలోపు ఏమైనా అయితే అని అడిగాను. ఏమవుతుందయ్యా, ఇన్నాళ్లూ ఏమైంది అన్నారు.

8వ తేదీ గురువారం సాయంత్రం ఎల్లాజీకి చెప్పాను. గీత చూడకు, గీతకు జానెడు కిందే ఆపెయ్యి, పాతిక మందికి మించి ఎక్కించకు అన్నాను. పలక సంగతి, అంచు సంగతి ఇసకలో గీసి చూపించాను.

"నిజమే బావా. నాకిది తట్టనేదు," అన్నాడు.

9వ తేదీ శుక్రవారం ఉదయం మొదటి విడతలో ఎల్లాజీ పాతిక మందిని ఎక్కించి గెడ తీశాడు. ఇంకా పదిహేను మంది దాకా గట్టు మీద మిగిలిపోయారు. జగన్నాధం గారు పాకలోంచి వచ్చారు. నేను అప్పుడు పక్కనే ఒక నాగలికి మేడి బిగిస్తున్నాను. అందరి ముందూ అరిచారు.

"గీతెక్కడున్నాది, నీరెక్కడున్నాది? కళ్లు కనబడతన్నాయేటిరా? బోర్డు మీద నలబయ్యయిదని ఉన్నాది. గవుర్మెంటు కంటే నీకెక్కువ తెల్సా? రేపు సంత. నీసేత కాకపోతే ఇప్పుడే సెప్పు. గెడ పట్టీవోళ్లు శానామందున్నారు."

గట్టు మీది జనం కూడా ఎల్లాజీనే తిట్టారు. మిగిలిపోయింది వాళ్లు కదా. గురమ్మ ఒక్కతే తిట్టలేదు, కానీ నవ్వింది. "ఎల్లాజీకి పెళ్లి సూపులున్నాయేటి, ఇంత తొందరగా ఎల్లిపోతన్నాడు," అంది.

సాయంత్రం ఎల్లాజీ నా దగ్గరకు వచ్చాడు.

"నువ్వు సెప్పింది అబద్దం కాదు బావా. కానీ గీత దిగనేదు గదా. నాను నీ మాట ఇని జనాన్ని ఒగ్గేస్తే ఆళ్లు గీత సూపిస్తన్నారు. నా కాడ ఏటుంది సూపించడానికి? గీత దింపించు. దిగిన రోజు నుంచి దేవుడొచ్చి సెప్పినా ఒక్కణ్ని ఎక్కువ ఎక్కించను."

గీత దింపించు అన్నాడు. ఆ మాట నాకు చెప్పాడు.

10వ తేదీ శనివారం, అవతలి గట్టున సంత. ఎనిమిది గంటల పది నిమిషాలకు పడవ బయలుదేరింది. నలభై ముగ్గురు మనుషులు, తట్టలు, రెండు సైకిళ్లు, మూడు మేకలు. బోర్డు కంటే ఇద్దరు తక్కువే. ఎల్లాజీ వంగి చూశాడు, నీళ్లలో చెయ్యి పెట్టి గీత తడిమాడు. నేను గట్టు మీదే ఉన్నాను, చూశాను. నీరు గీతకు తగిలింది. గీత మునగలేదు. నా వైపు ఒకసారి చూసి గెడ తీశాడు.

నది మధ్య దాటుతుండగా ఒక మేక తాడు తెంచుకుని నీళ్లలోకి దూకింది. దాన్ని పట్టుకోవడానికి నలుగురైదుగురు ఆ పక్కకు వంగారు. పడవ ఆ పక్కకు ఒరిగింది. రోజుకు పదిసార్లు అలా ఒరుగుతుంది. అంచు నీటికి అడుగు ఎత్తున ఉంటే ఏమీ కాదు. ఆ రోజు ఆరంగుళాలే ఉంది. నీరు లోపలికి వచ్చింది. రెండోసారి ఒరిగి మళ్లీ లేవలేదు.

నేను, ఇంకా పది పన్నెండు మంది ఈదుకుంటూ వెళ్లాం. చేపల పడవలు రెండు వచ్చాయి. నలభై ఇద్దరిని తీశాం. ఎల్లాజీ ఒక్కడే తొమ్మండుగురిని తీశాడు. గురమ్మ మైలున్నర కింద ఇసకదిబ్బ దగ్గర మధ్యాహ్నం రెండు గంటలకు దొరికింది. ఆమె తట్టలో వంకాయలు. వంకాయలు మునగవు. సాయంత్రం దాకా మా గట్టుకు ఒక్కొక్కటే కొట్టుకొస్తూనే ఉన్నాయి. ఎవరూ ఏరుకోలేదు. మేక బతికింది.

సాయంత్రం నాలుగు గంటలకు పడవను లాగి గట్టెక్కించారు. అయిదు గంటలకు సబ్-ఇనస్పెక్టరు నరసింగరావు గారు వచ్చి ఎల్లాజీని తీసుకుపోయారు. ఎల్లాజీ ఒకే మాట చెప్పాడు. "గీత మునగనేదు బాబూ. గీత మునగనేదు." స్టేషనులో కూడా అదే చెప్పాడట. ఇంకేమీ చెప్పలేదట.

ఇక 12వ తేదీ సోమవారం. ఉదయం తొమ్మిది గంటలకు ఓవర్సీరు గణపతిరావు గారు రేవుకు వచ్చారు. చెప్పిన తారీకుకే వచ్చారు. నేను ఆ వేళ గురమ్మ ఇంటి దగ్గర ఉన్నాను. పదకొండు గంటలకు రేవుకు వచ్చేసరికి ఆయన వెళ్లిపోయారు. గట్టు మీద పడవకు రెండు వైపులా కొత్త గీత ఉంది. అంచు నుంచి సరిగ్గా పన్నెండు అంగుళాల కింద. పాత గీత ఉన్నచోట తారు. వేలు పెడితే అంటుకుంది.

పంతొమ్మిది రోజులు తిరిగినా దిగని గీత ఒక్క పూటలో దిగింది. అర్జీ అక్కర్లేదు. పాటదారు సంతకం అక్కర్లేదు. నంబరు అక్కర్లేదు. నీకేం సంబంధం అని ఎవరూ ఎవరినీ అడగలేదు. బోర్డు మీద నలభై అయిదు చెరిపి ఇరవై అయిదు రాశారు.

13వ తేదీన పోలీసులు వచ్చి పడవను కొలిచి పంచనామా రాశారు. గీత అంచుకు అడుగు కింద ఉందని, పడవకు పరిమితి ఇరవై అయిదని, ఎక్కించింది నలభై ముగ్గురినని రాశారు. రాసింది రాసినట్టు చూస్తే తప్పు లేదు. ఆ రోజు గీత అక్కడే ఉంది. కానీ 10వ తేదీన అక్కడ లేదు. ఎల్లాజీ చేత్తో తడిమిన గీత తారు కింద ఉంది.

మర్నాడు, 14వ తేదీ ఉదయం ఆరు గంటలకు ఎల్లాజీ భార్య దానమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సూరన్నా, గీత మునిగిపోయిందని అందరూ అంతన్నారు. నా మొగుడు మునగనేదంతన్నాడు. నావ సేసినోడివి నువ్వు. నీకు తెల్దా? తెల్సి ఊరుకున్నావా?"

ఆ ఉదయమే రేవు పాక దగ్గరకు వెళ్లాను. నరసింగరావు గారు అక్కడే కూర్చుని సాక్షుల మాటలు రాసుకుంటున్నారు. ఇప్పటిదాకా చెప్పినదంతా చెప్పాను.

"ఏ పలకయ్యా? పలక పలక అంటావు, ఎక్కడుంది ఆ పలక?" అన్నారు.

"తమరు కూర్చున్నది అదేనండి," అన్నాను.

ఆయన లేచారు. బల్ల చూశారు. మళ్లీ దాని మీదే కూర్చున్నారు. "బల్లని పట్టుకుని పలక అంటాడేమిటి వీడు. నీకు దీనితో ఏం సంబంధం? పో," అన్నారు. పక్కనున్న కానిస్టేబుళ్లు ఇద్దరు నవ్వారు. వాళ్లూ దాని మీదే కూర్చున్నారు.

అందుకే ఇక్కడికి వచ్చాను. నేను చెప్పేది నమ్మమని అడగడం లేదు. చూడమని అడుగుతున్నాను. పాక ముందున్న బల్లను తిరగేస్తే తొమ్మిది కన్నాలు కనబడతాయి. బురద మీద పరిచిన పలకలో కూడా తొమ్మిది ఉంటాయి. పడవ లోపల, అంచు కింద, పక్కకు తొమ్మిది చింతచెక్క బిరడాలు ఉంటాయి. గుగ్గిలం నలుపు, చింత ఎరుపు. చూడగానే తెలుస్తుంది. పలకను అంచు మీద నిలబెడితే కన్నం కింద బిరడా, కన్నం కింద బిరడా వస్తాయి. అంచు నుంచి ఆరంగుళాల కింద తారును మేకుతో గీకితే తెల్లరంగు కనబడుతుంది. దీనికి సాక్షులు అక్కర్లేదు. ఒక మేకు, అరగంట తీరిక చాలు.

ఓవర్సీరు గారి మీద, జగన్నాధం గారి మీద నాకు పగ ఉందా అని అయ్యగారు అడిగారు. లేదు. జగన్నాధం గారు మనిషిని చంపాలని పలక తీయించలేదు. ఆడవాళ్లు దాటలేకపోతున్నారని తీయించారు. ఓవర్సీరు గారు తప్పు కొలత వేయలేదు. సమితి గుమాస్తా గారు నా కాగితం చింపలేదు, నంబరు ఇచ్చారు. ఎవరి పని వాళ్లు చేశారు. ఎవరి పనిలోనూ తప్పు లేకుండానే గురమ్మ చచ్చిపోయింది. అందరూ తమ పని చూపించగలరు. ఎల్లాజీ చూపించగలిగింది గీత ఒక్కటే. దాన్ని చెరిపేశారు.

నేను చెప్పవలసింది ఇంతే అన్నాను. కోర్టు గుమాస్తా గారు మొత్తం చదివి వినిపించారు. ఒకచోట "పాత పడవ" అని పడింది, "పాత" కొట్టివేయించాను. ఆ కొట్టివేత పక్కన నా పొడి అక్షరాలు వేశాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. చదవడం అయ్యాక ఒక సంగతి చేర్చమని అడిగాను. చేర్చవచ్చని అయ్యగారు అన్నారు.

జూన్ నెలలో పడవకు పూయగా మిగిలిన తారు సగం డబ్బా మా ఇంట్లో ఉంది. కుంచె కూడా ఉంది. జులై 22 నుంచి ఆగస్టు 10 దాకా, ఆ పంతొమ్మిది రోజులూ ఉంది. గీత మీద తారు పూయడం ఒక చుట్ట కాలేంతసేపు పని. గీత లేని పడవ కనబడితే ఎల్లాజీ గెడ ముట్టుకోడు. రేవు ఆగిపోతే ఓవర్సీరు గారు సెలవు మానుకుని వచ్చేవారు. నాకు ఇది తట్టింది. గవర్నమెంటు గీత, ముట్టుకుంటే కేసు అని ఊరుకున్నాను. తొమ్మిది మైళ్లు సైకిలు తొక్కాను గాని నాలుగడుగులు వేసి ఆ డబ్బా తేలేదు.

11వ తేదీ ఆదివారం ఉదయం ఏడు గంటలకు జగన్నాధం గారి ఇంట్లో పనిచేసే జగ్గమ్మ వచ్చింది. తారు డబ్బా, కుంచె ఇమ్మన్నారని అడిగింది. ఇచ్చాను. ఎందుకని అడగలేదు. అంతకుముందు పంతొమ్మిది రోజులు అందరినీ అన్నీ అడిగాను. ఆ రోజు అది అడగలేదు. పాత గీత మీద ఉన్న తారు నాదే.

ఇది కూడా చదివి వినిపించారు. ఇందులో నేను చూడనిది చూశానని చెప్పలేదు, చూసింది దాచలేదు. రేవు పాక ముందు బల్ల ఈ ఉదయం ఎనిమిది గంటల వరకు అక్కడే ఉంది. చీకటి పడేలోపు ఎవరినైనా పంపించమని కోరుతూ, నా ఇష్టపూర్వకంగా కింద సంతకం చేస్తున్నాను.

(సంతకం) పొట్నూరు అప్పలసూరి
పడవ వడ్రంగి, నడిమిరేవు
21-8-1968, మధ్యాహ్నం ఒంటి గంట పది నిమిషాలు